కొయోటీ గల్చ్‌లో రెండు రాత్రులు: ఎడారి లోయల్లో నడకకు, బసకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో యూటా రాష్ట్రంలోని జయన్, బ్రైస్, ఆర్చెస్ పార్కుల్లో పగటి నడకలు పూర్తిచేసుకున్న మనవాళ్లు ఆ తరువాత తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కుళాయి, మరుగుదొడ్డి, ఫోన్ సిగ్నల్ ఏవీ లేని ఎడారి లోయలోకి వీపున సంచితో దిగి, అక్కడే రెండు రాత్రులు గడిపి, క్షేమంగా తిరిగి రావాలంటే ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్నదే ఆ ప్రశ్న. దక్షిణ యూటాలో ఎస్కలాంటే ఊరికి ఆగ్నేయాన ఉన్న కొయోటీ గల్చ్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ క్రమాన్ని కింద వివరిస్తున్నాను. మొదటిసారి వెళ్లేవారికి ఇది అనువైన లోయ. అడుగున వాగు పారుతుంది, రాతి గోడల నుంచి ఊటలు కారుతాయి, తాళ్లతో పని లేకుండా లోపలికి వెళ్లే దారి కూడా ఉంది.

అన్నిటికంటే ముందు నీటి లెక్క తేల్చుకోవాలి. ఎంత దూరం నడవాలి, ఎక్కడ పడుకోవాలి, సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏ పరిస్థితిలో వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఆ లెక్కను బట్టే తేలతాయి.

1. కాలం, దారి ఎంచుకోవడం

ఏప్రిల్, మే నెలలు, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి వరకు ఉండే వారాలు ఈ ప్రాంతానికి తగిన కాలం. జూన్‌లో ఎండ భరించరానిది. జులై నుంచి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్నాల్లో ఉరుముల వానలు పడి మెరుపు వరదలు, అంటే ఉన్నట్లుండి ముంచుకొచ్చే వరదలు వస్తాయి. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో వెళ్దామనుకునేవారు ఒక సంగతి ఆలోచించుకోవాలి. అప్పటికి రాత్రి చలి సున్నా డిగ్రీలకు దిగువకు పోతుంది, సాయంత్రం అయిదు గంటలకే లోయలో చీకటి పడుతుంది, పైగా వాగులో తడిసిన బూట్లు తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటాయి. సెలవు దొరికింది కదా అని ఆ వారంలో మొదటి ప్రయాణం పెట్టుకోవద్దని నా సలహా.

కొయోటీ గల్చ్‌లోకి దిగే దారుల్లో మొదటిసారి వెళ్లేవారు హరికేన్ వాష్ అనే ఎండువాగు దారినే ఎంచుకోవాలి. హైవే 12 మీద ఎస్కలాంటే దాటి సుమారు 5 మైళ్లు తూర్పుగా వెళ్తే కుడివైపున హోల్ ఇన్ ద రాక్ అనే మట్టిరోడ్డు వస్తుంది. ఆ రోడ్డు మీద మరో 34 మైళ్లు వెళ్తే ఈ దారి మొదలయ్యే చోటు చేరతారు. అక్కడి నుంచి జేకబ్ హ్యామ్‌బ్లిన్ ఆర్చ్ అనే రాతి కమాను వరకు నడక దాదాపు 7 మైళ్లు. ఫార్టీమైల్ రిడ్జ్ వైపు నుంచి దిగే దారులు పొట్టివే గానీ, ఒకదానిలో నిటారు బండ మీద పాదాల పట్టును నమ్ముకుని దిగాలి, మరొకదానిలో మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని రాతి చీలికలోంచి జారుతూ సంచిని తాడుతో కిందికి దించాలి. వీడియోల్లో ఇవే ఎక్కువ కనబడతాయి. దిగినంత సులభంగా ఎక్కలేని చోట మొదటిసారే అడుగుపెట్టకూడదు.

2. పర్మిట్, నియమాలు, ఇంటి దగ్గర ఇచ్చి వెళ్లే కాగితం

రాత్రి బసకు పర్మిట్ తప్పనిసరి. ఎస్కలాంటేలోని విజిటర్ సెంటర్‌లో స్వయంగా తీసుకోవడం మేలు, ఎందుకంటే వాగులో నీటి పరిస్థితి, రోడ్డు పరిస్థితి, ఊటల సంగతి అక్కడి రేంజర్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. బృందంలో 12 మందికి మించకూడదు. లోయలో మంట వేయకూడదు, కుక్కలను తీసుకుపోకూడదు, మలాన్ని సంచిలో కట్టి బయటికి తెచ్చుకోవాలి.

నిబంధన పన్నెండు మందిని ఒప్పుకున్నా, నలుగురు దాటితే నడక సాగదు. అయిదారు కుటుంబాలు కలిసి వెళ్లే పిక్నిక్ పద్ధతి ఇక్కడికి పనికిరాదు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చూపించాలనుకుంటే అదే హైవే 12 మీద కారులోంచి చూపించదగ్గ చోట్లు చాలా ఉన్నాయి.

ఊళ్లో ఉండే ఒక స్నేహితుడికో బంధువుకో కాగితం మీద ఈ వివరాలు రాసి ఇవ్వాలి:

- కారు నంబరు, రంగు, నిలిపే చోటు
- ఏ దారిన దిగుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ ఉంటారు, ఏ దారిన తిరిగి వస్తారు
- అందరి పేర్లు, వయసులు, వాడే మందులు
- ఫోన్ చేస్తామని చెప్పిన సమయం, అది దాటాక ఎన్ని గంటలు ఆగి సహాయం కోరాలి
- ఎవరికి ఫోన్ చేయాలి. యూటాలో గాలింపు, రక్షణ పనులు కౌంటీ షెరిఫ్ చేతిలో ఉంటాయి. ఈ లోయ కేన్ కౌంటీలోకి వస్తుంది.

ఫీనిక్స్ వైపు నుంచి వచ్చేవారు మార్చి నుంచి నవంబరు మొదటి వారం వరకు యూటా గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుందని గుర్తుపెట్టుకుని ఆ సమయం రాయాలి. లేకపోతే ఇంటి దగ్గరవారు గంట ముందో వెనకో కంగారుపడతారు.

3. నీటి లెక్క

మనిషికి రోజుకు 4 లీటర్లు అన్నది తాగడానికి, వంటకు కలిపి వేసుకునే కనీసపు లెక్క. ఎండ ముదిరితే అది కూడా చాలదు. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి మూడు రోజుల నీళ్లు మోయడం కుదిరే పని కాదు. అందుకే నీళ్లున్న లోయనే ఎంచుకోవాలి, అయినా మొదటి రోజు నీళ్లు మాత్రం మోసుకునే వెళ్లాలి.

హరికేన్ వాష్‌లో మొదటి కొన్ని మైళ్లు ఎండిన ఇసుకే. వాగు తగిలేలోపు నీళ్లు దొరకవు. కాబట్టి కారు దగ్గర ఒక్కొక్కరు కడుపునిండా తాగి, 4 లీటర్లు సంచిలో పెట్టుకుని బయలుదేరాలి. వాగు దాకా రెండు లీటర్లు చాలు కదా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. మిగతా రెండు తిరుగు నీళ్లు. ముందు వాగు బురదగా ఉన్నా, ఒకరికి కాలు మడతపడినా, ఏమీ దొరక్కపోయినా కారు దాకా తిరిగి రావడానికి అవే ఆధారం. వాగు చేరి, నీళ్లు శుద్ధిచేసి సీసాలు నింపుకునేదాకా వాటి మూత తీయకూడదు.

లోపల శుభ్రత విషయంలో రాతి గోడ నుంచి కారే ఊటదే మొదటి స్థానం. జేకబ్ హ్యామ్‌బ్లిన్ ఆర్చ్ దగ్గర అలాంటి ఊట ఉంది. ఆ తరువాత తేటగా ఉన్న వాగు, చివరికి బురద వాగు. మూడింటినీ శుద్ధిచేయాలి, ఎందుకంటే పైన పశువులు మేస్తాయి. బోలు పోగుల ఫిల్టరు త్వరగా పనిచేస్తుంది గానీ దానికి రెండు గండాలున్నాయి. ఒకటి ఒండ్రు, రెండు గడ్డకట్టడం. లోపల తడి మిగిలి ఉండగా రాత్రి చలికి గడ్డకడితే పోగులు పగులుతాయి, పైకి మాత్రం ఏ లోపమూ కనబడదు. అందుకే చలి రాత్రుల్లో దాన్ని జిప్‌లాక్ సంచిలో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి. తోడుగా క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు ఉంచుకోవాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చావాలంటే ఆ మాత్ర వేశాక 4 గంటలు ఆగాలని కూడా మరవకూడదు.

బురద నీళ్లను నేరుగా ఫిల్టరుకు పెడితే రెండు మూడు లీటర్లకే అది మూసుకుపోతుంది. సరైన పద్ధతి ఇది:

1. మడతపెట్టే ప్లాస్టిక్ బకెట్‌లోకి నాలుగైదు లీటర్లు ముంచాలి. అడుగు ఇసుక కదలకుండా కప్పుతో పైపైనే తీసుకోవాలి.
2. చిటికెడు పటిక పొడి వేసి నిమిషంపాటు గిరగిరా తిప్పాలి, తరువాత మెల్లగా మరో రెండు నిమిషాలు కలపాలి. పటిక గడ్డే ఉంటే నీళ్లలో ముంచి నాలుగైదు చుట్లు తిప్పి తీసేయాలి.
3. బకెట్‌ను కదిలించకుండా వదిలేయాలి. కాసేపటికి ఎర్రటి నీళ్లలో దూదిపింజల్లాంటి ముద్దలు కనబడతాయి, అవి మెల్లగా అడుగుకు దిగుతాయి. అరగంట నుంచి గంట ఓపిక పట్టాలి.
4. పైన తేరుకున్న నీటిని మాత్రమే వంపుకుని, శుభ్రమైన గుడ్డలో వడగట్టి, అప్పుడు ఫిల్టరు చేయాలి.

గోదావరి వరద నీళ్లకు మన అమ్మమ్మలు చేసిన పనే ఇది. కొలరాడో నదిలో పడవ ప్రయాణాలు చేసేవారూ ఇదే చేస్తారు. ఇండియన్ స్టోర్‌లో పటిక చవకగా దొరుకుతుంది. పటిక మట్టిని దించుతుందే గానీ క్రిములను చంపదు కాబట్టి శుద్ధి మానకూడదు.

బండల మీది గుంటల్లో నిలిచిన వాన నీటిని అవసరమైతే ముంచుకోవచ్చు గానీ, అందులో కాళ్లూ చేతులూ పెట్టకూడదు. సన్‌స్క్రీన్, చెమట కలిస్తే ఆ కాసిని నీళ్లలో బతికే చిన్న జీవాలకు చేటు.

4. సామాను

సంచి బరువు శరీర బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోవాలి. కొనుగోళ్ల గురించి ఎక్కువ చెప్పను గానీ, రెండు విషయాల్లో మనవాళ్లు తరచుగా తప్పు వస్తువు తెస్తారు.

మొదటిది బూట్లు. వాగులో రోజంతా దాటుతూ నడవాలి కాబట్టి నీళ్లు చొరబడని ఖరీదైన బూట్లు ఇక్కడ తప్పు ఎంపిక. పైనుంచి ఒకసారి నీళ్లు నిండితే అవి బయటికి పోవు, ఆరవు. జాలీ ఉన్న తేలికైన పరుగు బూట్లు, ఉన్ని మేజోళ్లు రెండు జతలు, చలికాలపు అంచుల్లో అయితే నియోప్రిన్ అనే రబ్బరు మేజోళ్లు తీసుకోవాలి. పడుకునేటప్పటికి ఒక పొడి జత వేరుగా ఉంచాలి. రెండోది టెంట్. పూర్తిగా జాలీతో ఉన్న టెంట్‌లోకి గాలి లేచినప్పుడు సన్నని ఇసుక జల్లెడలోంచి పడినట్లు పడుతుంది. గోడలు కొంత ఎత్తు వరకు గుడ్డతో ఉన్నదీ, మేకులు లేకున్నా నిలబడేదీ ఎంచుకోవాలి.

తప్పనిసరి వస్తువులు:

- ఫిల్టరు, మాత్రలు, పటిక, మడత బకెట్, మొత్తం 6 లీటర్లు పట్టే సీసాలు, సంచులు
- 1:24,000 స్కేలు ముద్రిత మ్యాపు, దిక్సూచి, ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపు, పవర్ బ్యాంక్
- ఉపగ్రహ సందేశ పరికరం
- తలదీపం, అదనపు బ్యాటరీలు
- చేతికర్రలు, ఒక్కొక్కరికి కనీసం ఒకటి
- పొక్కులకు టేపు, ముళ్లు తీసే పట్టకారు, ఓఆర్ఎస్ పొట్లాలు
- రోజుకు మనిషికి ఒకటి చొప్పున మలం సంచులు, రెండు అదనం
- పొడవు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, వెచ్చని జాకెట్

లోయ లోపల ఆకాశం సన్నని పట్టీలా కనబడుతుంది కాబట్టి ఉపగ్రహ సందేశం వెళ్లడానికి చాలాసేపు పట్టవచ్చు. లోయ వెడల్పైన మలుపు చూసుకుని పంపాలి. జీపీఎస్ కూడా గోడల మధ్య తప్పు చూపిస్తుంది. మ్యాపులో మలుపులు లెక్కపెట్టుకుంటూ నడిచే అలవాటే నమ్మదగినది.

5. తిండి

దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పచ్చి పప్పు, బియ్యం ఉడకడానికి గ్యాసూ సరిపోదు, నీళ్లూ సరిపోవు. కుక్కర్ మోసుకొచ్చేవారిని కూడా చూశాను, ఆ బరువుకు బదులు నీళ్లు మోసుకోవచ్చు.

ఇంటి దగ్గరే రవ్వను నెయ్యిలో పోపుతో దోరగా వేయించి, ఉప్పు కలిపి పొట్లాలు కట్టుకుంటే, అక్కడ మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెట్టితే ఉప్మా అవుతుంది. అటుకులకు పొయ్యి కూడా అక్కర్లేదు. గాలికి స్టవ్ వెలగని పూట అవే ఆదుకుంటాయి. చింతపండు పులిహోర మొదటి రాత్రికి బాగుంటుంది. సున్నుండలు, వేయించిన పల్లీలు, ఊరమిరపకాయలు దారిలో తినడానికి పనికొస్తాయి. చివరిది వేళాకోళం కాదు. చెమటతో ఉప్పు పోతుండగా వట్టి నీళ్లే పట్టుగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తలనొప్పి, తికమక వస్తాయి. నీళ్లతో పాటు ఉప్పుగా ఏదో ఒకటి గంట గంటకూ తింటూ ఉండాలి.

ఒక రోజు తిండి అదనంగా ఉంచుకోవాలి. గ్యాస్ డబ్బాను విమానంలో ఏ సామానులోనూ అనుమతించరు కాబట్టి దిగిన ఊళ్లో కొనాలి.

6. బయలుదేరే ముందు: ఆకాశం, రోడ్డు

మన తల మీద వాన పడితేనే వరద వస్తుందనుకోవడం ఇక్కడ ప్రాణాంతకమైన పొరపాటు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయారు. అక్కడ పడిన వాన కొద్దిదే, వరద తెచ్చిన తుపాను ఎగువన మైళ్ల దూరంలో కురిసింది. కొయోటీ గల్చ్‌కు నీళ్లు పడమరనున్న కైపరోవిట్స్ పీఠభూమి వైపు నుంచి వస్తాయి కాబట్టి వాతావరణ సూచనను ఎస్కలాంటే ఊరికి చూసి ఊరుకోకుండా ఆ పీఠభూమికీ చూడాలి.

సాల్ట్ లేక్ సిటీలోని జాతీయ వాతావరణ కార్యాలయం మెరుపు వరద అవకాశాన్ని నాలుగు మెట్లలో ప్రకటిస్తుంది: రాకపోవచ్చు, రావచ్చు, వచ్చే అవకాశం ఎక్కువ, ఖాయం. మూడో మెట్టు, నాలుగో మెట్టు ఉన్న రోజున దిగకూడదు. రెండో మెట్టు ఉన్న రోజున ఇరుకు చోట్లకు పోకుండా, ఎత్తైన గట్లున్న భాగంలోనే ఉండాలి. ఈ నిర్ణయం ఇంటి దగ్గరే అందరూ ఒప్పుకుని రాసుకోవాలి. పది గంటలు కారు నడిపి వచ్చాక తీసుకునే నిర్ణయంలో అలసట, ఖర్చు కూడా ఓటు వేస్తాయి.

హోల్ ఇన్ ద రాక్ రోడ్డు ఎండినప్పుడు అలలు అలలుగా గతుకులు, తడిసినప్పుడు జారుడు బంకమట్టి. చాలా అద్దె కారు ఒప్పందాలు మట్టిరోడ్లను నిషేధిస్తాయి, సంతకానికి ముందు చదవాలి. ఎస్కలాంటేలో ట్యాంకు నింపుకుని, పూర్తి సైజు స్పేర్ టైరు ఉందో లేదో చూసుకుని, కారులో 20 లీటర్ల నీళ్లు వదిలి వెళ్లాలి. బండిని వాగు అడుగున నిలపకూడదు. తిరుగు రోజున వాన పడి ఉంటే రోడ్డు ఆరేదాకా ఆగడమే మార్గం, అదనపు రోజు తిండి పెట్టుకోమన్నది అందుకే.

7. నడకలో

తెల్లవారగానే బయలుదేరి, పదకొండు గంటలలోపు ఎండ తగిలే ఇసుక భాగం దాటేయాలి. చదును బాట మీద గంటకు మూడు మైళ్లు నడిచేవారు వాగులో గంటకు మైలు, మైలున్నర కంటే ఎక్కువ సాగలేరు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచాలి.

హరికేన్ వాష్ కొయోటీ గల్చ్‌లో కలిసే చోట ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారి ముఖద్వారాన్ని ఫోటో తీసుకోవాలి. దిగేటప్పుడు ఇది ప్రశ్నే కాదు, తిరుగు రోజున మాత్రం పక్క లోయల నోళ్లన్నీ ఒకేలా కనబడి, ధ్యాసలేనివారు దాన్ని దాటి ముందుకు పోతారు.

నల్లగా, ఉబ్బుగా, పెళుసుగా కనబడే మట్టి పెచ్చు మీద కాలు పెట్టకూడదు. అది సజీవమైన పొర, ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. వాగు అడుగున, బండ మీద, ఉన్న బాట మీద నడవాలి. ఊటల చుట్టూ మూడేసి ఆకులతో పెరిగే పాయిజన్ ఐవీ ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

ఊబి తగిలితే కంగారు పడనక్కర్లేదు, సాధారణంగా మోకాలి లోతే ఉంటుంది. కాలిని నిటారుగా పీకితే ఇంకా బిగుస్తుంది. సంచి విప్పి పక్కన పడేసి, వెనక్కి వాలి బరువును పరిచి, కాలిని చిన్నగా అటూ ఇటూ ఊపుతూ నీళ్లు లోపలికి దిగనివ్వాలి, ఆ తరువాత నెమ్మదిగా తీయాలి.

తేట నీరు ఉన్నట్లుండి మట్టిరంగుకు మారినా, పుల్లలు, ఆకులు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి రైలు వస్తున్నట్లు హోరు వినబడినా ఆలోచించడానికి వ్యవధి లేదు. సంచి వదిలేసి అందిన ఎత్తుకు ఎక్కాలి. దిగువకు పరుగెత్తి వరదను దాటిపోవాలని చూడకూడదు. నీరు తగ్గేదాకా, గంటలు పట్టినా సరే, ఎక్కిన చోటే కూర్చోవాలి.

8. బస

చోటు చూసేటప్పుడు ముందు తల పైకెత్తాలి. చెట్టు కొమ్మల్లో, రాతి పగుళ్లలో చిక్కుకున్న ఎండు పుల్లలు పాత వరద ఎంత ఎత్తున పోయిందో చెబుతాయి. దానికి బాగా ఎత్తున, ఇంతకుముందు వాడిన ఇసుక గట్టునే ఎంచుకోవాలి. వాన పడితే నీళ్లు దూకే రాతి అంచు కింద, ఎండిన కొమ్మలున్న కాటన్‌వుడ్ చెట్టు కింద వద్దు. ఎలుక పెంటికలున్న రాతి గుహల్లోనూ పడుకోకూడదు, ఎలుకల వల్ల హంటా వైరస్ సోకే ప్రమాదం ఉంది. పాత గోడలు, రాతి బొమ్మలు ఉన్న చోట అసలే కూడదు. కుండ పెంకు ఒక్కటి జేబులో వేసుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే.

ఇసుకలో టెంట్ మేకు నిలవదు. మేకుకు బదులు చిన్న గుడ్డ సంచిలో ఇసుక నింపి, మూతి కట్టి, తాడును దాని నడుముకు ముడివేసి, మోచేతి లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి కాలితో తొక్కాలి. తాడు టెంట్ వైపు ఏటవాలుగా బయటికి రావాలి. నాలుగు మూలలా ఇలా చేస్తే అర్ధరాత్రి లేచే గాలికి కూడా కదలదు.

తిండిని టెంట్‌లో గానీ, నేల మీది సంచిలో గానీ పెట్టకూడదు. ఎలుకలు గుడ్డ కొరుకుతాయి, కాకులు జిప్పులు లాగుతాయి. ఇనుప జాలీ సంచిలో వేసి కొమ్మకు వేలాడదీయాలి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి, తేళ్లుంటాయి.

9. శుభ్రత

మలం సంచిలో పొడి ఉంటుంది, అది తడిని గడ్డకట్టించి వాసనను అణుస్తుంది. కాగితం కూడా అందులోనే వేయాలి. కడుక్కునే అలవాటున్నవారు చిన్న సీసా వేరుగా ఉంచుకుని, ఆ నీళ్లు కూడా సంచిలోనే పడేలా కొద్దిగా వాడాలి. ఎక్కువ పోస్తే పొడి పీల్చుకోలేదు. నిండిన సంచులను మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సంచికి బయట కట్టుకోవాలి.

మట్టిలో కలిసిపోతుందని రాసి ఉన్న సబ్బును కూడా వాగులో వాడకూడదు. గిన్నెను చివరి మెతుకు వరకు తిని, కొద్ది నీళ్లతో తొలిచి తాగేస్తే కడిగే పనే ఉండదు.

10. తరచు ఎదురయ్యే చిక్కులు, వాటికి సవరణ

- ఫిల్టరు మూసుకుపోయింది: తేట నీళ్లతో వెనకనుంచి గట్టిగా పంపి కడగాలి. లొంగకపోతే నీటిని తేర్చి మాత్రలు వేయాలి.
- పాదం ఒరుసుకుంటోంది: పొక్కు లేచేదాకా ఆగకుండా అప్పుడే ఆగి, ఇసుక కడిగి, ఆరబెట్టి, టేపు వేయాలి.
- ఒకరు తికమకగా మాట్లాడుతున్నారు, ఒళ్లు కాలిపోతోంది: ఇది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ, వెంటనే సహాయ సందేశం పంపాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.
- దారి తప్పామనిపిస్తోంది: ముందుకు పోకుండా, తెలిసిన చివరి చోటికి అడుగుజాడల్లో వెనక్కి రావాలి.

11. తిరుగు రోజు

జేకబ్ హ్యామ్‌బ్లిన్ ఊట దగ్గర మళ్లీ 4 లీటర్లు నింపుకుని, వెలుతురు రాకముందే టెంట్ మడిచి, చల్లదనంలోనే నడక మొదలుపెట్టాలి. వాగు వదిలాక మిగిలేది ఎక్కువగా ఎండలో సాగే ఇసుక నడక, కాళ్లు అలసి ఉంటాయి, దిగిన రోజు పట్టిన సమయం కంటే గంట ఎక్కువ వేసుకోవాలి. ఐవీ తగిలిందని అనుమానమున్న బట్టలను విడిగా కట్టి, కారు దగ్గర కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. హైవే ఎక్కి సిగ్నల్ రాగానే కాగితం ఇచ్చినవారికి ఫోన్ చేయాలి. మలం సంచులను ఊళ్లో చెత్తతొట్టిలో వేయవచ్చు గానీ, గుంట మరుగుదొడ్లలో వేయకూడదు. అక్కడ వేస్తే తోడే గొట్టాలు మూసుకుపోతాయి.